స్విచ్ మీద వేలు

2019, వానకాలం, మధ్యాహ్నం. సోలాపూర్ రన్‌వే వెనక్కి జారిపోయింది. రెండు ఇంజన్ల చిన్న విమానంలో మీరు పైలట్ వెనక సీట్లో ఉన్నారు. చెవులకు హెడ్‌సెట్, భుజాల మీద బిగిసిన బెల్టు. కిటికీలోంచి చూడండి. రెక్క వెనక అంచున వరసగా బిగించిన గొట్టాలున్నాయి. అవే ఫ్లేర్లు. వాటినిండా కాల్షియం క్లోరైడ్ ఉన్న మందు. మీ మోకాలి పక్కనే స్విచ్‌ల పెట్టె. ఒక్కో స్విచ్‌కి ఒక్కో ఫ్లేరు.

కింద ఊరి తూర్పు పేటలు. మరమగ్గాలు, దుప్పట్ల నేత. ఆ వీధుల్లో మీరు తెలుగు వినగలరు. తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీలు స్థిరపడ్డ చోటు అది. ఊరు దాటగానే నల్లరేగడి చేలు. వానకాలమే, కానీ నేల నెర్రెలిచ్చి ఉంది. అరేబియా సముద్రం నుంచి వచ్చే వానను పడమటి కనుమలు ముందే దింపేసుకుంటాయి. ఇటు దాటిన మేఘాలు రోజూ కనిపిస్తాయి, కురవకుండా వెళ్లిపోతాయి.

"ఎటు?" పైలట్ అడుగుతున్నాడు.

చెప్పాల్సింది మీరే. ఎడమవైపు పెద్ద మేఘం. దాని అడుగున అప్పుడే వాన తెర వేలాడుతోంది. అది తన పని తానే మొదలుపెట్టింది, వదిలెయ్యండి. కుడివైపు తెల్లటి తునకలు. అంచులు చిరిగి, చూస్తుండగానే గాల్లో కలిసిపోతున్నాయి. వాటికి ప్రాణం లేదు. ఎదురుగా ఇంకోటి. అడుగు చదునుగా, నల్లగా ఉంది. పైన గుబ్బలు గుబ్బలుగా పొంగుతోంది.

"నేరుగా. దాని కిందికి."

వెలుతురు తగ్గింది. నెత్తిన నల్లటి కప్పు. పైలట్ ముక్కు ఎత్తలేదు, అయినా విమానం లేస్తోంది. ఎక్కే వేగం చెప్పే సూది నిమిషానికి 500 అడుగులు చూపిస్తోంది. అంతకుముందే మీ కడుపు చెప్పింది. కింది నుంచి గాలి పైకి తోస్తోంది. మీకు కావలసింది ఇదే. పొగను మోసుకెళ్లే దారి ఇది.

రేడియోలో రాడార్ గది గొంతు: "సీడ్."

స్విచ్ నొక్కండి.

రెక్క వెనక ఎర్రటి మంట, దాని వెంట తెల్లటి పొగ. పొగ వెనక్కి పోయి, వంగి, పైకి ఎక్కుతోంది. వెండి అయొడైడ్ ఏదీ అని మీకు అనుమానం రావచ్చు. అది సున్నా డిగ్రీల కన్నా చల్లబడ్డ మేఘాల్లో మంచు గట్టించడానికి. ఈ మేఘం అడుగు వెచ్చన. ఇక్కడ ఉప్పు కావాలి. వానకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా ఎలా చెమ్మగిల్లుతుందో, పొగలోని ఈ సన్నటి లవణ కణాలూ అలాగే తేమను లాక్కుంటాయి. మేఘంలో నీటికి కొరత లేదు. కానీ ఆ బిందువులు మరీ సన్నవి, ఒక్కోటి మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అలాంటివి పది లక్షలు కలిస్తే గాని ఒక మంచి చినుకు కాదు. అన్నీ ఒకే సైజులో ఉంటే కలవవు, తేలుతూ ఉండిపోతాయి. ఉప్పు చుట్టూ పెరిగిన పెద్ద బిందువు వాటిని గుద్దుకుంటూ, కలుపుకుంటూ బరువెక్కుతుంది.

రెండో స్విచ్.

సూది 800 దగ్గరుంది. వెయ్యి. మేఘం మిమ్మల్ని లోపలికి లాగుతోంది. పైలట్ పవర్ తగ్గించాడు. అయినా లేస్తున్నారు.

కిటికీ బయట తెలుపు. నేల కనిపించదు.

రెక్క ఊగింది. పెన్ను ఎగిరి కప్పుకి తగిలింది.

మెరుపు. కుడివైపు. దగ్గర్లోనే.

మూడో ఫ్లేరు ఉంది. నొక్కాలా? వెళ్లిపోవాలా?

"బయటికి," అనండి. వెంటనే.

విమానం ఎడమకి ఒరిగింది. పడిపోతున్నారు. బెల్టు భుజాలను కోస్తోంది. అద్దం మీద టపటప చప్పుడు.

ఎండ.

ఒక్కసారిగా ఎండ. ఊపిరి తీసుకోండి. చుట్టూ తిరిగి చూడండి. అరగంట గడవకుండానే ఆ మేఘం అడుగు నుంచి బూడిదరంగు తెర దిగింది. చేల మీద వాన పడుతోంది. "మనదే!" పైలట్ బొటనవేలు ఎత్తి చూపించాడు.

మనదేనా? మీరు నొక్కకపోతే పడేది కాదా? ఈ ప్రశ్న రాయలసీమకు పాతది. 2000ల తొలి దశాబ్దంలో అనంతపురం ఆకాశంలోనూ ఇలాంటి విమానాలు తిరిగాయి. మేఘమథనం అన్న మాట రచ్చబండ దాకా వెళ్లింది. వాన పడితే విమానం తెచ్చిందన్నారు కొందరు, పడేదే పడిందన్నారు కొందరు. తేల్చడానికి పక్కన పెట్టి పోల్చే మేఘం లేదు.

ఈ ప్రయోగం అందుకే వేరు. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం శాస్త్రవేత్తలు సోలాపూర్‌లో నిర్ణయాన్ని మీ చేతికి ఇవ్వలేదు. మేఘాన్ని ఎంచడం వరకే మీ వంతు. ఫ్లేరు వెలగాలా వద్దా అన్నది లాటరీ చెబుతుంది. వెలిగించిన మేఘాన్నీ, వెలిగించని మేఘాన్నీ రాడార్ ఒకేలా గమనిస్తుంది.

ఇంధనం ఇంకొక్క మేఘానికి సరిపోతుంది. దొరికింది కూడా. అడుగు చదును, సూది నిలకడగా పైకి, మెరుపుల్లేవు. ఇంతకన్నా మంచి మేఘం ఈ రోజు చూడలేదు. కింద ఎండిన చెరువు, దాని గట్టున ఆగిపోయి పైకి చూస్తున్న మనుషులు. విమానం చప్పుడు వాళ్లకు వినిపించింది.

రేడియో: "నో సీడ్."

వేలు స్విచ్ మీదే ఉంది. ఒక్క ఫ్లేరు. ఎవరికి తెలుస్తుంది? కింద చూస్తున్న వాళ్లకు ఏం చెబుతారు?

చెప్పగలిగింది ఒకటే. 2018, 2019 వానకాలాల్లో ఇలా ఎంచిన మేఘాలు 276. వెలిగించినవాటినీ వదిలినవాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, వంద చదరపు కిలోమీటర్ల మేర సగటున 18 శాతం వాన ఎక్కువని తేలుతుంది. కరువును తరిమే అంకె కాదది. మేఘమే లేని రోజున అదీ రాదు. కానీ అది ఊహ కాదు, కొలత. ఆ కొలతలో సగం బరువు మోసేది మీరు ముట్టుకోకుండా వదిలే ఇలాంటి మేఘాలే. ఇక్కడ దొంగచాటుగా ఒక్క ఫ్లేరు కాల్చారంటే, రేపు ఏ కరువు జిల్లాకైనా విమానం పంపాలా, ఆ డబ్బుతో చెరువు పూడిక తీయాలా అన్నది మళ్లీ రచ్చబండ వాదనే అవుతుంది.

వేలు తియ్యండి.