కుర్సురాకు ఎదురింటి విమానం

పద్మనాభం నుంచి భీమిలి మీదుగా బీచ్ రోడ్డు పట్టుకుని వైజాగ్ వచ్చేవాళ్లకు ఆర్కే బీచ్ దగ్గర సముద్రం వైపు కుర్సురా జలాంతర్గామి, రోడ్డుకు ఇవతల టీయూ-142 విమానం కనిపిస్తాయి. రెండూ సోవియట్ దేశం నుంచి వచ్చినవే. జలాంతర్గాముల్ని వేటాడటానికే పుట్టిన విమానాన్ని ఓ జలాంతర్గామికి ఎదురింట్లో దింపిన ఆలోచన ఎవరిదోగానీ, మంచి చమత్కారి!

దీని కథ ఇంకో విమానంతో మొదలుపెట్టాలి. ఒకప్పుడు ఎయిర్ ఇండియా ప్రయాణికుల్ని మోసిన సూపర్ కాన్‌స్టలేషన్లు తర్వాత వైమానిక దళానికి వెళ్లాయి. అక్కణ్ణుంచి 1976లో నౌకాదళానికి చేరాయి. వాటితోనే 312వ స్క్వాడ్రన్ మొదలైంది. అవి ముసలివైపోయాక సముద్రం మీద దూరపు నిఘాకు కొత్త విమానం కావాల్సి వచ్చింది. 1988లో సోవియట్ నుంచి టీయూ-142లు గోవాలో దిగాయి. మొత్తం ఎనిమిది. 1992లో వీటి మకాం తమిళనాడులోని అరక్కోణానికి, ఐఎన్ఎస్ రాజాలి నౌకాదళ స్థావరానికి మారింది.

బీచ్ దగ్గరున్న విమానం ఇప్పుడు మ్యూజియం. అక్కడ చాలామంది సెల్ఫీ దిగి లోపలికి వెళ్లిపోతారు. ఇంజన్ల కింద కాసేపు నిలబడి చూడమంటాను. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్కటీ సుమారు 15,000 హార్స్‌పవర్. ప్రతి ఇంజన్‌కూ ముందూ వెనకా రెండు ప్రొపెల్లర్లు. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. మొదటిది మెలితిప్పి వదిలిన గాలిని రెండోది సరిచేసి తోపుగా మారుస్తుంది. అందుకే ప్రొపెల్లర్ విమానమై ఉండీ గంటకు 800 కిలోమీటర్లు దాటేది. ఆ లాభానికి చెల్లించిన మూల్యం చెవులు చిల్లులుపడే మోత.

నీళ్ల కిందున్న జలాంతర్గామి పైనుంచి కంటికి కనబడదు. అందుకని సోనోబాయ్‌లు జారవిడిచేవారు. అవి నీళ్ల మీద తేలుతూ, కిందికి చెవి వేలాడదీసి, వినిపించిన చప్పుడును రేడియోలో పైకి పంపేవి. గంటల తరబడి విని, ఏది చేప, ఏది ఇనుము అని తేల్చడమే సిబ్బంది పని.

వచ్చిన ఏడాదే, 1988 నవంబరులో, మాల్దీవుల్లో కుట్రను అణచిన ఆపరేషన్ కాక్టస్‌లో టీయూ-142 నిఘాకు వెళ్లింది. ఆ తర్వాత కార్గిల్ రోజులు, సముద్రపు దొంగల మీద గస్తీ. 29 ఏళ్లలో ఈ దళం ప్రమాదం లేకుండా సుమారు 30,000 గంటలు ఎగిరింది. నా దృష్టిలో అసలు ఘనత అదే.

2017 మార్చి 29న అరక్కోణంలో ఈ విమానాలకు వీడ్కోలు. వాటిలో ఒకటి ఏప్రిల్‌లో తన రెక్కల మీదే ఎగిరొచ్చి విశాఖ ఐఎన్ఎస్ డేగాలో దిగింది. రెక్కల కొస నుంచి కొసకు 50 మీటర్లున్న దాన్ని ఊళ్లోంచి తేవడం మాటలా? విప్పి, భాగాలుగా రోడ్డు మీద తెచ్చి, బీచ్ దగ్గర మళ్లీ బిగించారు. డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు. నిర్వహణ నగరాభివృద్ధి సంస్థది. ఇక దీని బాధంతా ఉప్పుగాలితోనే.

312వ స్క్వాడ్రన్ మాత్రం అరక్కోణంలోనే ఉంది. ఇప్పుడు అమెరికా నుంచి వచ్చిన పీ-8ఐ జెట్‌లతో అదే పని చేస్తోంది.