రోజుకో గంట బైబిలు

మా ఇంటర్ కాలేజీలో వారానికి రెండుసార్లు క్లాసు రెండుగా చీలేది. గంట కొట్టగానే క్రిస్టియన్ పిల్లలు కాటకిజం క్లాసుకి వెళ్ళిపోయేవాళ్ళు, మిగతావాళ్ళం మోరల్ సైన్స్‌కి. మోరల్ సైన్స్ అంటే ఫాదర్ గారు ఏదో కథ చెప్తుంటే వెనక బెంచీల్లో ఫిజిక్స్ రికార్డు రాసుకోవడం. నా పక్కన కూర్చునేవాడు ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాడు, క్రిస్మస్‌కి మా అందరికీ కేకు పట్టుకొచ్చేవాడు. ఆ గంట కొట్టినప్పుడు మాత్రం కదిలేవాడు కాదు. "ఏరా, నువ్వెళ్ళవా?" అని ఒకసారి అడిగాను. "సర్టిఫికెట్లో హిందూ అని ఉంది కదరా," అన్నాడు, రికార్డు మీంచి తల ఎత్తకుండానే.

అప్పుడు నాకేమీ అర్థం కాలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు. క్రైస్తవుడినని రాసుకున్న దళితుడు మన దగ్గర బీసీ-సి కింద ఒక్క శాతం కోటాలో పోటీ పడాలి. మా వాడికి బీటెక్ సీటు కావాలి. అంచేత మోరల్ సైన్స్.

బందరు నోబుల్ కాలేజీ చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు వాడే గుర్తొచ్చాడు. క్రిస్టియన్ కాలేజీల గురించి మనవాళ్ళు రాసేవి రెండు రకాలు. ఒకటి, దొరలొచ్చి దీపం వెలిగించారనేది. రెండోది, దొరలొచ్చి మతం మార్చారనేది. రెండిట్లోనూ విద్యార్థి కనిపించడు. దీపమో, బాధితుడో కనిపిస్తాడు. ఆ బెంచీ మీద కూర్చున్న కుర్రాడికి ఏం కావాలి, అతనికి ఏం దొరికింది అన్నది ఎవరికీ పట్టదు.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ కేంబ్రిడ్జిలో చదివినవాడు. 1841లో హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే మరో యువకుడితో కలిసి చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున బందరు వచ్చాడు. ఇద్దరూ పని పంచుకున్నారు. ఫాక్స్ ఊళ్ళు తిరిగి, తిరనాళ్ళలో నిలబడి ప్రచారం చేశాడు. ఆరోగ్యం పాడై ఇంగ్లండు వెళ్ళిపోయి 1848లో పోయాడు. నోబుల్ తెలుగు నేర్చుకుని 1843 నవంబరులో బడి తెరిచాడు. మొదటిరోజు వచ్చిన పిల్లలు ఇద్దరు. పెళ్ళి చేసుకోలేదు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా సెలవు మీద స్వదేశం వెళ్ళలేదు. 1865 అక్టోబరులో ఆ బందర్లోనే చనిపోయాడు. మొండితనం అనండి, నిష్ఠ అనండి. అతని తమ్ముడో అన్నో, జాన్ నోబుల్, 1867లో అచ్చువేసిన జీవితచరిత్ర స్కాన్ కాపీ దొరుకుతుంది. ఓపికుంటే చదవచ్చు, నాకు మాత్రం మధ్యలో రెండుసార్లు నిద్రపట్టింది.

నోబుల్ లెక్క ఇది. పై కులాల కుర్రాళ్ళని ఇంగ్లీషు చదువుతో ఆకట్టుకోవాలి, వాళ్ళు మారితే మిగతా సమాజం వాళ్ళ వెనకే వస్తుంది. కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ 1830లోనే మొదలుపెట్టిన పద్ధతి. అంచేత బడిలో ఇంగ్లీషు, లెక్కలు, చరిత్ర, వాటితోపాటు రోజూ బైబిలు. తల్లిదండ్రులకి ఈ బేరం తెలియకేం కాదు. కంపెనీ కచేరీలో ఉద్యోగం రావాలంటే ఇంగ్లీషు కావాలి, ఇంగ్లీషు కావాలంటే గంటసేపు బైబిలు వినాలి. ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తే సరి. నోబుల్ ఆ గంట కోసమే మిగతా గంటలు నడిపాడు, వాళ్ళు మిగతా గంటల కోసం ఆ గంట భరించారు. ఆ రకంగా ఇద్దరికీ గిట్టుబాటే.

బేరంలో ఇంకో షరతు కూడా ఉంది. ఆ బడిలో మాల, మాదిగ, పాకీపని చేసే కుటుంబాల పిల్లల్ని చేర్చుకోలేదు. దీన్ని తోటి మిషనరీలే తప్పుపట్టారు. నోబుల్ ఇచ్చిన సమాధానం చదివితే ఒళ్ళు మండుతుంది. ఇంగ్లండులో ఎంత భక్తిపరులైనా సరే, తమ పిల్లల్ని వంటవాళ్ళ పక్కన, నౌకర్ల పక్కన కూర్చోబెట్టి చదివిస్తారా అని. అంటే కులాన్ని సమర్థించడానికి మనుధర్మం అక్కర్లేకపోయింది, విక్టోరియన్ మర్యాదే సరిపోయింది. ఈ ముక్క మా వాడికి వాట్సాప్‌లో పంపాను. "ఇంతకీ ఆయన వంటవాడి కొడుకు ఎక్కడ చదువుకున్నాడ్రా?" అని జవాబిచ్చాడు.

1852లో బేరం బెడిసికొట్టింది. మంచాల రత్నం అనే వెలమ కుర్రాడు, అయినాల భూషణం అనే బ్రాహ్మణ కుర్రాడు ఇళ్ళు వదిలి నోబుల్ బంగళాకి వచ్చేశారు. బాప్తిస్మం తీసుకుంటామన్నారు. ఊరు ఊరంతా కదిలింది. బంధువులొచ్చి ఏడ్చారు, బతిమాలారు, గొడవ చేశారు. కుర్రాళ్ళు కదల్లేదు. బడి దాదాపు ఖాళీ అయిపోయింది.

ఈ సంఘటనని మిషనరీ పుస్తకాలు విజయంగా రాస్తాయి. నాకు ఆ బంగళా వరండా కనిపిస్తుంది. లోపల ఇద్దరు కుర్రాళ్ళు, బయట వాళ్ళ అమ్మలు. ఆస్తి హక్కు పోకుండా కాపాడే చట్టం రెండేళ్ళ ముందే, 1850లో వచ్చింది. మతం మారినా వారసత్వం పోదని కంపెనీ ప్రభుత్వం శాసించింది. కానీ ఏ చట్టం కన్నతల్లి చేతి అన్నం తిరిగి పెట్టించగలదు? మారినవాడు ఇంటికి చచ్చినవాడి కింద లెక్క. ఈ ఇద్దరూ ఆ తర్వాత పాస్టర్లయ్యారు. వాళ్ళ తరగతిలో మిగిలినవాళ్ళలో చాలామందికి ఆ గంట బైబిలు పాఠం ఇంగ్లీషు పాఠంగానే మిగిలిపోయింది. కొన్నాళ్ళకి పిల్లలు మళ్ళీ వచ్చారు. రాక ఏం చేస్తారు, ఉద్యోగాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి.

ఇక్కడ చరిత్ర నోబుల్ మీద ఒక హాస్యం ఆడింది. పదహారేళ్ళు పై కులాల కోసం కష్టపడితే మారింది చాలా కొద్దిమంది. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల రైతు, బెజవాడలో ఉన్న డార్లింగ్ అనే మిషనరీని తనే వెతుక్కుంటూ వెళ్ళి బాప్తిస్మం అడిగాడు. అతని వెనక కుటుంబాలు, తర్వాత పల్లెలు వచ్చాయి. కృష్ణా డెల్టాలో సంఘం పెరిగింది అలాగే, కింది నుంచి. ఇంగ్లీషు చదువు ఆశ పెట్టి ఎవరినైతే పిలిచారో వాళ్ళు రాలేదు. ఎవరినైతే బడి గుమ్మం బయట ఆపారో వాళ్ళు గుడి నింపారు.

తర్వాతి తరం విద్యార్థుల కథ వేరే. బడి కాలేజీ అయింది, నోబుల్ పేరు దానికి స్థిరపడింది. 1890ల్లో అక్కడ ఇంగ్లీషు చెప్పిన పంతులు రఘుపతి వెంకటరత్నం నాయుడు. పుట్టింది బందర్లోనే, చదివింది మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో, విలియం మిల్లర్ దగ్గర. మిల్లర్ ఆలోచన నోబుల్ ఆలోచనకి దాదాపు వ్యతిరేకం. ఎంతమంది మారారన్నది లెక్క కాదు, క్రైస్తవ భావాలు పులిసిన పిండిలా సమాజంలో మెల్లగా పాకితే చాలనేవాడు. ఆయన శిష్యుడు నాయుడుగారు క్రైస్తవుడు కాలేదు, బ్రహ్మసమాజంలో చేరాడు. తెల్లటి బట్టలు, భోగం మేళాల మీద పోరాటం, శీలం గురించి నిప్పులాంటి మాటలు. ఇవాళ చదివితే ఆ శీలం గోల కొంచెం ఊపిరాడనివ్వదు, దేవదాసీల బతుకుని సంస్కర్తలు వాళ్ళనడక్కుండానే తేల్చేశారనిపిస్తుంది. కానీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి, తను చెప్పినట్టే బతికే పంతులు ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో ఊహించగలను. మా కార్పొరేట్ కోచింగ్ రోజుల్లో అలాంటివాడు ఒక్కడూ తగల్లేదు.

ఆ నీడలో చదివినవాళ్ళు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు. పట్టాభి ఇక్కణ్ణుంచి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్ళి 1900లో బి.ఏ. పూర్తిచేశాడు. ఆ కాలేజీలోనే నాలుగేళ్ళ తర్వాత చేరిన ఇంకో తెలుగు కుర్రాడు సర్వేపల్లి రాధాకృష్ణన్. హిందూమతంలో నీతికి చోటు లేదని క్లాసులో వినీ వినీ, పౌరుషమొచ్చి, ఎం.ఏ. థీసిస్ వేదాంతంలోని నీతి మీదే రాశాడు. ఆ థీసిస్‌ని మెచ్చుకున్నది ఎ.జి. హాగ్ అనే మిషనరీ ప్రొఫెసరే. ఇది నాకు చాలా నచ్చే ఘట్టం. కొట్టినవాడే కొట్టించుకున్నవాడి జవాబుకి మార్కులు వేశాడు.

బందరు మిత్రులు ఇంకో అడుగు ముందుకేశారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో తిరిగి ఉపన్యాసాలిచ్చాడు, ముట్నూరి ఆయన వెంట ఉన్నాడు. జాతీయ విద్య కావాలన్న ఊపు వచ్చింది. 1910లో ఆ ముగ్గురూ కలిసి బందర్లోనే ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు, నోబుల్ కాలేజీ ఉన్న ఊళ్ళోనే. కోపల్లె మిగతావన్నీ వదిలేసి 1922లో చనిపోయేదాకా దానికే అంకితమైపోయాడు. చేతిపనులు, తెలుగు, చిత్రకళ. ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ బెంగాల్ నుంచి వచ్చి బొమ్మలు నేర్పాడు. అడివి బాపిరాజు అక్కడ పనిచేశాడు.

ఇది మిషన్ కాలేజీకి తిరుగుబాటు అని రాస్తారు. నిజమే. కానీ దూరంగా నిలబడి చూస్తే రూపురేఖలు పోల్చుకోవచ్చు. జీవితమంతా ఒక బడికి ధారపోసే గురువు, చదువంటే ఉద్యోగం కాదు శీలమన్న నమ్మకం, విద్యార్థిని ముందు మనిషిగా తయారుచేయాలన్న తపన, చందాల కోసం ఊరూరా తిరగడం. నోబుల్ చేసిందీ ఇదే. సిలబస్ మార్చారు, నమూనా మాత్రం మిషనరీదే. సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే ఫోర్క్ చేశారు.

బయట నిలబెట్టిన వంటవాడి కొడుకు ప్రశ్న మాత్రం ఆ ఫోర్క్‌లో పరిష్కారమైందని చెప్పలేను. దాన్ని గట్టిగా పట్టుకున్నది ఒక రకంగా నాయుడుగారే. 1904లో కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వెళ్ళాక ఆడపిల్లల్ని మగపిల్లలతో కలిపి చేర్చుకున్నాడు, దళిత విద్యార్థులకి హాస్టలు నడిపించాడు. క్రిస్టియన్ కాలేజీలో చదివి, క్రైస్తవుడు కాకుండా, ఒక జమీందారు డబ్బుతో నడిచే కాలేజీలో, నోబుల్ చెయ్యనన్న పని చేశాడు. చలం, కృష్ణశాస్త్రి ఆ కాకినాడ గాలి పీల్చినవాళ్ళే. గురువుగారి శీలబోధ చలం దగ్గరికి వచ్చేసరికి ఏమైందో వేరే చెప్పాలా.

పోయినవారం మా వాడు ఫోన్ చేశాడు. వాళ్ళ పాపని ఎల్‌కేజీలో వేస్తున్నారు, మంచి కాన్వెంటు, సిస్టర్లు నడిపేదే. అప్లికేషన్ ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాడట. పేరు, పుట్టిన తేదీ, బ్లడ్ గ్రూపు అన్నీ నింపేశాడు. రిలీజియన్ అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. "దీన్ని పెన్సిల్‌తో రాయనిస్తారంటావా?" అని అడిగాడు.