ఏ ఏటి బండి?

1939 నవంబరులో అమెరికాలో ఒక డీజిల్ ఇంజను దేశాటనకు బయల్దేరింది. జనరల్ మోటార్స్ వాళ్లు తయారుచేసిన ఆ నమూనా ఇంజను నంబరు 103. నాలుగు పెట్టెలు, 5,400 హార్స్‌పవర్. పదకొండు నెలల్లో ఇరవై రైల్వే కంపెనీల పట్టాల మీద 83,764 మైళ్లు తిరిగింది. బొగ్గు తినదు, బూడిద రాల్చదు. దాన్ని చూశాక ఆవిరి ఇంజనుకు రోజులు దగ్గరపడ్డాయని కంపెనీల పెద్దలకు అర్థమైంది. కానీ ఇంతలో యుద్ధం వచ్చింది, డబ్బు సంగతీ చూసుకోవాలి. చివరి ఆవిరి బండి ఆగేసరికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ఇంటి అడుగు గదుల్లో, గ్యారేజీల్లో చిన్న రైళ్లు నడుపుకునే అమెరికన్లకు ఆ ఇరవై ఏళ్ల మీదే మోజెక్కువ. ‘బొమ్మ రైళ్లు’ అంటే వాళ్లు నొచ్చుకుంటారు. పట్టాలు, స్టేషన్లు, ఊళ్లు పేర్చి కట్టే నమూనాను లేఅవుట్ అంటారు. కొందరికి ఒక్క లేఅవుట్‌తోనే ముప్పై నలభై ఏళ్లు గడిచిపోతాయి. ఎక్కువమంది వాడే హెచ్‌ఓ కొలతలో అసలు వస్తువు 87వ వంతుకు తగ్గుతుంది. అంత తగ్గించినా ఒక మైలు పట్టాలకు అరవై అడుగుల పైచిలుకు చోటు కావాలి. ఎంత పెద్ద ఇంట్లోనైనా రెండు స్టేషన్ల మధ్య దూరమంతా పట్టదు. కాబట్టి ఏదో ఒకటి వదులుకోక తప్పదు. చోటు విషయంలో ఈ మాట ఒప్పుకున్నవాళ్లు కాలం దగ్గరకొచ్చేసరికి మొండికేస్తారు. ఆవిరీ కావాలి, డీజిలూ కావాలి, ఎర్ర పెట్టెల ఎక్స్‌ప్రెస్సూ కావాలి. ‘1950లు’ అని గోడకు బోర్డు తగిలిస్తే అన్నీ కలిసొస్తాయి కదా అనుకుంటారు. అది యుగాన్ని ఎంచుకోవడం కాదు, ఎంచుకోకుండా తప్పించుకోవడం.

నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే సంగతే చూడండి. వర్జీనియా, వెస్ట్ వర్జీనియా కొండల్లోంచి బొగ్గు మోసిన కంపెనీ అది. సరుకే బొగ్గు కావడంతో బొగ్గింజన్లను అంత తేలిగ్గా వదల్లేదు. రోనోక్‌లోని సొంత వర్క్‌షాపులో ఇంజన్లు తనే కట్టుకునేది. దేశంలోని పెద్ద రైల్వే కంపెనీలకు తయారైన ఆవిరి ఇంజన్లలో చివరిది 1953 డిసెంబరులో అక్కడినుంచే బయటికొచ్చింది.

ఈ కంపెనీని ఎంచుకున్నవాడికి ‘1950లు’ అన్న మాట ఎందుకూ పనికిరాదు. 1954 అనుకుంటే ఆ కంపెనీకి సొంత డీజిలు ఒక్కటి కూడా లేదు. మొదటివి 1955లో వచ్చాయి. 1957 అయితే రెండూ పక్కపక్కనే తిరుగుతాయి. 1958 సగం దాటాక, నల్లటి ఒంటికి ఎర్ర పట్టీ వేసుకున్న అందగత్తెలు, జె తరగతి ఇంజన్లు, పేరున్న ప్యాసింజర్ బండ్ల నుంచి తప్పుకున్నాయి. 1959 డిసెంబరులో పొరుగున ఉన్న వర్జీనియన్ రైల్వే ఇందులో కలిసిపోయింది. 1960 మే నెలతో ఆవిరి ముగిసింది. ఆరేళ్లలో ఏ ఏడు పట్టుకున్నా మరో బండే కనిపిస్తుంది. జె తరగతిలో 611 నంబరు మాత్రం మిగిలి, రోనోక్‌లోని రవాణా మ్యూజియం సొత్తుగా ఉంది.

ఇంజనుతోనే అయిపోదు. ఆవిరి అంటే నీళ్ల ట్యాంకు, బొగ్గు నింపే టవరు, బూడిద గుంట, టర్న్‌టేబుల్, గుండ్రటి షెడ్డు. డీజిల్ వచ్చాక ఇవన్నీ ఒక్కొక్కటిగా పాడుబడ్డాయి. కూల్చకుండా వదిలేసిన బొగ్గు టవరు పక్కనుంచి డీజిల్ బండి వెళ్తుంటే ఏడాది దానంతటదే తెలుస్తుంది. వ్యాగన్ పక్కన అది తయారైన నెల, ఏడాది రాసి ఉంటాయి. తోక రెక్కల షెవ్రొలే కారును 1957 మోడల్ అని పోల్చుకునేవాళ్లు అమెరికాలో కోకొల్లలు. 1954 వీధిలో దాన్ని నిలబెడితే చూడవచ్చినవాడు ముందు దాన్నే వేలెత్తి చూపిస్తాడు.

నార్ఫోక్ అండ్ వెస్టర్న్ చివరి ఆవిరి రోజులు ఇంత వివరంగా దొరకడానికి ఓ. విన్‌స్టన్ లింక్ అనే న్యూయార్క్ ఫొటోగ్రాఫర్ ముఖ్య కారణం. 1955 జనవరి నుంచి ఐదేళ్లపాటు ఫ్లాష్ బల్బులు మోసుకెళ్లి రాత్రిళ్లు ఆ రైళ్లను ఫొటోలు తీశాడు. ఇంజను ఒక్కటే కాదు, వాకిట్లో కూర్చున్నవాళ్లు, దుకాణాలు, సిగ్నళ్లు అన్నీ పడ్డాయి. లేఅవుట్ కట్టేవాళ్లకు అంతకు మించిన నిధి ఏముంటుంది? అయితే కొంచెం జాగ్రత్త అవసరం. 1956లో యేగర్ ఊళ్లో కార్లలో కూర్చుని సినిమా చూసే మైదానం పక్కనుంచి రైలు పోతున్న ఫొటో చాలా పేరుపడింది. ఫ్లాష్ వెలుగుకు తెర తెల్లబోతే, దాని మీది విమానం బొమ్మను ఆయన తర్వాత డార్క్‌రూములో అతికించాడు.

ఈ లెక్కలన్నీ మనకెందుకు అనుకునేవాళ్లకు ఊహా రైల్వే ఉండనే ఉంది. కాలిఫోర్నియాలోని మాంటరేలో జాన్ అలెన్ కట్టిన ‘గోరీ అండ్ డెఫీటెడ్’ అలాంటిదే. అందులో షంటింగ్ చేసేది ఒక డైనోసార్! ఆయన 1973 జనవరిలో పోయిన కొద్దిరోజులకే ఆ లేఅవుట్ అగ్నికి ఆహుతైంది. అలెన్ మెక్‌క్లెలండ్ అనే మరొకాయన ‘వర్జీనియన్ అండ్ ఒహాయో’ అనే లేని కంపెనీని సృష్టించి, దాన్ని నిజమైన కంపెనీల పట్టాలకు కలిపి చూపించాడు. ఊహకు కూడా ఊరూ పేరూ పొరుగూ ఉంటేనే నమ్మబుద్ధేస్తుంది. నా ఓటు ఈయనకే.

చోటూ డబ్బూ తక్కువైతే చిన్న కంపెనీ మేలు. కొలరాడో కొండల్లో మూడడుగుల గేజి మీద నడిచిన రియో గ్రాండ్ సదరన్ 1930లలో ఖర్చు తగ్గించుకోవడానికి పాత మోటారు కార్లకు రైలు చక్రాలు తగిలించి టపా మోయించింది. అంతకన్నా చవకైన బండి ఎక్కడ దొరుకుతుంది?

మన గోదావరి దగ్గరా ఇదే లెక్క. రాజమండ్రి లేఅవుట్ కడితే వంతెనలే ఏడాది చెప్పేస్తాయి. 1974కు ముందు హేవలాక్ వంతెన ఒక్కటే. ఆ తర్వాత పక్కన రోడ్డు కమ్ రైలు వంతెన. 1997లో ఆర్చి వంతెన వచ్చింది, హేవలాక్ మీద బండ్లు ఆగాయి. ఆర్చి కింది నీడలో పొగబండి హేవలాక్ ఎక్కితే అది చరిత్ర కాదు, సినిమా సెట్టు. 1966 అక్టోబరు 2కు ముందైతే పెట్టెల మీద దక్షిణ మధ్య రైల్వే పేరే ఉండకూడదు. విజయవాడ డివిజన్ అప్పుడు దక్షిణ రైల్వేది. హేవలాక్ 56 స్పాన్‌లనూ హెచ్‌ఓలో పూర్తిగా కట్టాలంటే దాదాపు వంద అడుగుల గది కావాలి. నాలుగైదు స్పాన్‌లు చాలు, ఏడాది మాత్రం తప్పకూడదు.

లింక్ లాంటివాడు మన స్టేషన్లకు దొరకలేదు. ఆ పని మన ఇళ్లలోని పెట్టెలే చేయాలి. పాత టైంటేబుల్ గానీ, ప్లాట్‌ఫాం మీద తాతయ్య దిగిన ఫొటో గానీ ఉంటే పారేయకండి. చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి, ఫొటో వెనక ఊరూ ఏడాదీ పెన్సిలుతో రాసి పెట్టండి.