ఇల్లెక్కిన ఆనపపాదు: పేటలో దొడ్డికి ఉన్న చరిత్ర



గత భాగంలో పేట చెరువు గురించి రాశాను. అది చదివి రాజోలు వైపు నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. "నీళ్ల గురించి రాశావు తమ్ముడూ, బాగుంది. ఆ నీళ్లు బిందెలతో మోసి మేం పెంచిన పాదుల గురించి ఎవరు రాస్తారు?" అంది. ఆ అక్క అడిగినదే ఈ భాగం.

కోనసీమ అనగానే అందరికీ పచ్చదనం గుర్తొస్తుంది. కొబ్బరి తోట, అరటి తోట, కాలువ, పడవ. ఆ ఫొటోలో ఒక మూల తాటాకు గుడిసె కూడా ఉంటుంది. గుడిసె మీద ఆనపపాదు, నాలుగు తెల్లటి పూలు, వేలాడే కాయ. చూసినవాళ్లు ఎంత బాగుందో అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. డిగ్రీ చదివేటప్పుడు ఒకసారి మా మామ్మని అడిగాను, పాదుని ఇంటి మీదకి ఎందుకు ఎక్కించేవాళ్లని.

"కింద చోటేదిరా?" అంది మామ్మ.

ఈ వ్యాసమంతా ఆ మాటకి వివరణే.

ఇంటి చుట్టూ నాలుగు కూరగాయలు, నాలుగు పూలు పెంచాలంటే కావలసినవి మూడు. కాళ్ల కింద నేల మనదై ఉండాలి. దగ్గర్లో నీళ్లుండాలి. కూలి నుంచి వచ్చాక ఒక గంట పొద్దు మిగలాలి. ఈ మూడూ పేటకి ఎప్పుడు ఎంత దొరికాయో చూస్తే, కోనసీమ చరిత్ర ఇంకో వైపు నుంచి కనబడుతుంది.

1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువలు వచ్చాయి. గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయ దాటి రాజోలు సీమకీ నీళ్లు చేరాయి. కాటన్ దొర విగ్రహం లేని ఊరు మన దగ్గర అరుదు, ఆ గౌరవం ఆయనకి దక్కాల్సిందే. కానీ నీళ్లు పారింది భూమి ఉన్నవాడి చేలోకి. విలువ పెరిగింది ఆ భూమికే. అందులో పని చేసినవాళ్లు పాలేర్లుగా, కూలీలుగా మిగిలారు. వాళ్ల ఇళ్లు కామందు దిబ్బ మీదో, కాలువగట్టు మీదో, పోరంబోకులోనో ఉండేవి. అంటే పని ఇచ్చేవాడే కాపురం ఉండే నేలకీ యజమాని. కూలి దగ్గర మాట తేడా వస్తే గుడిసె లేచిపోతుంది.

అలాంటి నేలలో ఏ మొక్క వేయొచ్చు, ఏది వేయకూడదు అన్నదానికీ ఒక రాయని చట్టం ఉండేది. మామ్మ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో గుడిసె వెనకాల ఒక కొబ్బరి మొక్క పాతిందట. మూడో రోజున కామందు మనిషి వచ్చి పీకేశాడు. "చెట్టేస్తే రేపు నేల నాదంటావు" అన్నాడట. ఆనపపాదుని మాత్రం ముట్టుకోలేదు. ఆనపపాదు నాలుగైదు నెలలు కాసి ఎండిపోతుంది. కొబ్బరి చెట్టు అరవై ఏళ్లు నిలబడి సాక్ష్యం చెబుతుంది. పాదుకి అభ్యంతరం లేదు, చెట్టుకి ఉంది. మన పేటల్లో పెద్దవాళ్ల కాలం నాటి చెట్టు ఏదన్నా ఉంటే, అది ఎప్పుడు నాటారో అడగండి. ఆ నేల మనదైంది ఎప్పుడో తెలుస్తుంది.

ఇక కూర సంగతి. పాలేరుతనానికి ఏడాది జీతం ధాన్యంలో కొలిచేవారు. అన్నానికి అది చాలిందో లేదో అటుంచండి, అందులో కూర లేదు. కూర ఎక్కడినుంచి రావాలి? చేలగట్ల మీద పొన్నగంటి కూర, గలిజేరు. బోదెలో పీతలు, నత్తలు, చిన్న చేపలు. మిగతాది ఇంటి చుట్టూ ఆడవాళ్లు పండించిందే. కామందు ఇవ్వని కూలిలో ఒక భాగాన్ని మా మామ్మలు ఊడ్పుల నుంచి వచ్చి, మసకచీకట్లో దొడ్లో పండించుకున్నారు. జమైకా చెరకు తోటల్లోనూ ఇంతే. బానిసలకి కొండవాలులో ముక్కచెక్క నేల వదిలేసి, మీ తిండి మీరే పండించుకోండి అన్నారు తోటల యజమానులు. అది దయ కాదు, ఖర్చు తగ్గించుకునే దారి. అయినా ఆ ముక్కల్లో కంద పెండలాలు పండించి, ఆదివారం సంతలో అమ్మి, వాళ్లు కాస్త సొంత డబ్బు చూశారు.

ఆ కాస్త చోటులో మన ఆడవాళ్లు చేసిన వ్యవసాయం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను. స్నానాల దడి దగ్గర పారే నీళ్లకి అరటి, చేమ. అంట్లు తోమిన నీళ్లు కరివేపాకుకి. పక్క తోట కొబ్బరి నీడ పడే చోట వేరే ఏదీ రాదు కాబట్టి కంద. తాటాకు దడి మీద బచ్చలి. కంద బచ్చలి కూర గోదావరి జిల్లాల పెళ్లి భోజనాల్లో గొప్ప వంటకమని అందరూ చెప్పుకుంటారు. మా ఇంట్లో అది నీడకీ దడికీ పుట్టిన కూర. తొలకరికి బీర, పొట్ల, దోస. వానల్లో నాటిన చిక్కుడు సంక్రాంతికి కాపు. పేనుబంక పడితే పొయ్యిలో బూడిద. ఎరువు మేకపెంట. ముదిరిన బీరకాయని తీగ మీదే ఎండనిచ్చి చూరుకి వేలాడదీస్తే అదే విత్తనాల డబ్బా. ఎండు ఆనపబుర్రలో మిగతా గింజలు. కూతురు అత్తారింటికి వెళ్తుంటే కొంగున ముడేసిన గింజల్లో పుట్టింటి చిక్కుడు ఉండేది. మా అమ్మ ఇప్పటికీ పెంచే చిక్కుడు అమ్మమ్మ వాళ్ల కొత్తపేట వైపుది.

వేసవిలో కాలువలు కట్టేస్తే ఈ తోట బతకడం కష్టం. సముద్రం వైపు ఊళ్లలో బావి నీళ్లు ఉప్పన. మామ్మ దగ్గర దానికీ లెక్క ఉండేది: మనిషికి మూడు బిందెలు, పాదుకి అర బిందె.

ఇక్కడ కులం ఒక తమాషా చేస్తుంది. మామ్మ దొడ్లో కాసిన బీరకాయలు గంపలో పెట్టుకుని ఊళ్లోకి వెళ్తే అగ్రహారం వీధిలో కూడా కొనేవారట. అరుగు కింద పెట్టమని, దూరం నుంచి డబ్బులు వేసేవారు. పచ్చికాయకి మైల లేదు. అదే కాయని మామ్మ వండితే మైల. మామ్మ చేతి నీళ్లు తాగి పెరిగిన కాయ వాళ్ల వంటింట్లోకి వెళ్తుంది, ఆ చేతి నీళ్లు మాత్రం వాళ్లు ముట్టరు.

పూల సంగతి ఇంకా విడ్డూరం. దళితుడి దొడ్లో పూసిన బంతీ చామంతీ దండై గుడిలో దేవుడి మెడలోకి వెళ్లేవి. పెంచినవాడు గుడి బయటే. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి చట్టం పూర్తిస్థాయిలో రావడానికి 1947 దాకా పట్టింది. నేను పాఠం చెప్పే ఆముక్తమాల్యదలోనే ఈ రెండూ ఉన్నాయి. విష్ణుచిత్తుడు పూలతోట పెంచి దండలు కట్టి స్వామికి సమర్పిస్తాడు. ఆయనకి గోదాదేవి దొరికింది ఆ తోటలోనే. అదే కావ్యంలో మాలదాసరి తెల్లవారకముందే లేచి నడిచి వెళ్లి గుడి బయట నిలబడి పాడతాడు. అతని భక్తికి కవి పెద్దపీట వేశాడు, కాదనను. గుడి లోపల మాత్రం చోటివ్వలేదు. క్లాసులో ఈ మాట చెప్పాక ఒక అమ్మాయి అడిగింది: "సార్, మాలదాసరికి ఇంటి దగ్గర పూలమొక్కలు ఉండేవా?" నా పీహెచ్‌డీ మొత్తంలో నన్ను ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. కావ్యంలో దానికి జవాబు లేదు. ప్రబంధానికి ఉండాల్సిన అష్టాదశ వర్ణనల్లో వనవిహారం ఉంది. ఆ వనానికి నీళ్లు మోసినవాళ్లు లేరు.

పూలు పెంచే కులం నుంచే మనకి ఒక గురువు వచ్చాడు. జోతిరావు ఫూలే పూర్వీకులు పీష్వాలకి పూలు అందించేవాళ్లు, ఆ ఇంటిపేరు అలా వచ్చిందే. ఆ పూలింటి మనిషి 1868లో తన ఇంటి నీళ్లతొట్టిని అంటరానివాళ్లకి తెరిచాడు.

కూర ఆకలికి సరే, పూలెందుకు అని కొందరు కామ్రేడ్లు నన్ను అడిగారు. వాళ్లకి ఆలిస్ వాకర్ రాసింది చదవమంటాను. ఆమె అమ్మ అమెరికాలో జార్జియా రాష్ట్రంలో కౌలు కూలీ. ఎన్ని ఇళ్లు మారినా, ఎంత పాడు కొంప ఇచ్చినా, చుట్టూ యాభై రకాలకి పైగా మొక్కలు పెంచేదట. 1974లో వాకర్ రాసిన ఆ వ్యాసం, నల్లజాతి ఆడవాళ్ల కళ ఎక్కడ దాక్కుందో వెతుకుతూ అమ్మ తోట దగ్గరికి వచ్చి ఆగుతుంది. మా మామ్మకి చదువు రాదు. గుమ్మం పక్కన డిసెంబరాలు, కనకాంబరం, మరువం ఏ వరసలో పెట్టాలో ఆమెకి తెలుసు. క్రిస్మస్‌కి పేట చర్చి గుమ్మానికి కట్టే బంతిదండలో సగం పూలు మా వాకిట్లోవే.

మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి 'గుడిసెలు కాలిపోతున్నాయి' పుస్తకానికి 1975లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆ పేరు తలచుకున్నప్పుడల్లా నాకు గుడిసెతో పాటు కాలిపోయే పాదు కూడా కనిపిస్తుంది. 1996 నవంబరు 6 తుపానప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు తోటల్లో పడిపోయిన కొబ్బరి చెట్లు లెక్కపెట్టారు. మా ఇంటి మీద పాదుని ఎవరూ రాసుకోలేదు. మామ్మ అడగనూ లేదు. చూరు నుంచి ఊడిపడిన బీరకాయ కోసం బురదలో వెతికింది.

నేల ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1975 జులైలో ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో భూమి లేనివాళ్లకి ఇళ్ల స్థలాలు ఒక సూత్రం. 1976లో ఆంధ్రప్రదేశ్‌లో, కాపురమున్న ఇంటిస్థలం మీద వ్యవసాయ కూలీలకీ చేతివృత్తులవాళ్లకీ యాజమాన్య హక్కు కల్పించే చట్టం వచ్చింది. కాగితం మీది హక్కు పేటదాకా రావడానికి మన పెద్దలు ఎమ్మార్వో ఆఫీసుల చుట్టూ ఎన్నేళ్లు తిరిగారో మీ ఇళ్లలోనే అడగండి. మాకు ఎనభైల చివర్లో మూడు సెంట్ల పట్టా వచ్చింది. పట్టా చేతికొచ్చిన వారంలోనే మామ్మ రెండు కొబ్బరి మొక్కలు నాటింది.

కోనసీమని 'మరో కేరళ' అంటారు కదా. ఆ కేరళలో 1970 జనవరి 1 నుంచి అమలైన భూసంస్కరణల చట్టం, ఇంకొకరి నేలలో గుడిసె వేసుకున్న కూలీకి పంచాయతీల్లో 10 సెంట్ల దాకా హక్కు ఇచ్చింది. 10 సెంట్లంటే ఇల్లు పోను నాలుగు కొబ్బరి చెట్లు, అరటి, కంద, కూరపాదులు. మన దగ్గర 2020 డిసెంబరు 25న మొదలైన పథకంలో గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. తర్వాత వచ్చిన ప్రభుత్వం గ్రామాల్లో 3, పట్టణాల్లో 2 అంటోంది.

ఒక చిన్న లెక్క చూడండి. కొబ్బరి మొక్కలు నాటేటప్పుడు చెట్టుకీ చెట్టుకీ మధ్య సుమారు 25 అడుగుల ఎడం ఉండాలంటారు. 25 ఇంటూ 25, 625 చదరపు అడుగులు. సెంటున్నర అంటే 653. ఒక కొబ్బరి చెట్టు హాయిగా బతకడానికి ఎంత చోటు కావాలంటారో, ఒక దళిత కుటుంబం మొత్తానికి అంత చోటు ఇచ్చారు.

2022 మే 24న, జిల్లాకి బాబాసాహెబ్ పేరు పెట్టొద్దని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పేరు నిలబడింది. ఆ పేరున్న జిల్లాలో ఇంటిస్థలం అంటే నిద్రపోయే చోటు మాత్రమే కాదనీ, దొడ్డి కూడా ఇంట్లో భాగమేననీ మనం అడగాలి. ఇళ్ల స్థలాల దరఖాస్తు రాసేటప్పుడు ఈ మాట కూడా రాయండి.

మీ అమ్మ, మీ మామ్మ ఏం పెంచారో, విత్తనాలు ఎక్కడ దాచారో, మొదటి చెట్టు ఎప్పుడు నాటారో రాసి పంపండి. వచ్చే భాగంలో మీరు పంపినవాటితో లంక భూముల గురించి మాట్లాడుకుందాం.

మామ్మ పోయి తొమ్మిదేళ్లు. ఆ రెండు కొబ్బరి చెట్లలో ఒకటి తుపానుకి పడిపోయింది. రెండోది కాస్తోంది.