పేరంటాలి మాట ఎవరు విన్నారు?

కొల్లేటికోట అనగానే మనకి పెద్దింట్లమ్మ గుర్తొస్తుంది. ఫాల్గుణ మాసంలో ఆ తల్లి జాతరకి చుట్టుపట్ల ఊళ్ళ ఆడవాళ్ళంతా నైవేద్యాలు పట్టుకుని వెళ్తారు. ఆ కోట గురించి పెద్దలు చెప్పే కథ ఒకటుంది.

ఒకప్పుడు చుట్టూ నీళ్ళతో అది జలదుర్గం. లోపల ఓఢ్ర గజపతి, ఒడ్డున చిగురుకోటలో శత్రుసేనాని. కోట చిక్కక, కొల్లేటి నీళ్ళు సముద్రంలోకి దింపేద్దామని ఆ సేనాని కాలవ తవ్వించాడట. ఆ దారే నేటి ఉప్పుటేరు అంటారు. పని నెగ్గాలని కన్నకూతుర్నే బలి ఇచ్చాడట. అందుకే దానికి పేరంటాల కనుమ అని పేరొచ్చిందట.

ఇది జనం నోట నిలిచిన కథ. ఇందులో రాజున్నాడు, సేనాని ఉన్నాడు, కాలవ ఉంది. ఆ పిల్ల ఏమంది? ఒక్క మాట లేదు. కన్నతల్లి ఏమంది? అదీ లేదు. చచ్చాక పేరు నిలిపారు గాని, బతికుండగా ఆమె నోట మాట విన్నట్టు కథ చెప్పదు.

పాతకాలపు ముచ్చటే కదా అనుకోకండి. 1999లో ప్రభుత్వం కొల్లేటిని 5వ కాంటూరు వరకూ అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టించింది. సరస్సు బతకాలని కొందరు, తమ పొట్ట గడవాలని కొందరు వాదించారు. చేపల గంపతో గుమ్మంలోకొచ్చిన మనిషితో మనం గీచిగీచి బేరమాడతాం. “గట్లు పోయిన ఏడు మీ ఇంట్లో పొయ్యెలా వెలిగిందమ్మా?” అని ఎందరం అడిగాం?

వినడమంటే ఊ కొట్టడం కాదండీ. ఊ కొడుతూనే పొయ్యిమీది పులుసు గురించి ఆలోచించగలం మనం! ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగాలి. “మా ఇంట్లోనూ అంతే” అని మన కథ ఎత్తుకోకూడదు. అడగని సలహా ఇవ్వకూడదు. “నువ్వనేది ఇదేనా?” అని మళ్ళీ అడిగి తెలుసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఇంకా నోరు విప్పనిదెవరో చూడాలి. పెళ్ళి మాటలప్పుడు హాల్లో అందరూ లాంఛనాలూ ముహూర్తాలూ మాట్లాడుతుంటారు. పిల్ల లోపల గదిలో ఉంటుంది. వెళ్ళి, “నీకేమనిపిస్తోందే అమ్మాయీ?” అని అడగండి. వెంటనే జవాబు రాకపోతే ఆ జవాబు మీరే చెప్పేయకండి. పక్కన కూర్చోండి.

నోముకి పిలిచిన ముత్తయిదువని కూడా మనం పేరంటాలనే అంటాం. ఆమెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఇస్తాం. ఆమె మాట కూడా విని పంపిద్దాం.