దేవుని నిచ్చెన క్రింది ద్రాక్షతోటలు

ద్రాక్షాసవానికి పుట్టిన చోటును బట్టి పేరు పెట్టడం మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని ప్రకరణం చూడండి. ద్రాక్షరసపు మధువుకు కాపిశాయనం, హారహూరకం అని దేశనామాలే కనిపిస్తాయి. కాపిశి నేటి కాబూలుకు ఉత్తరాన కొండల నడుమ ఉండిన నగరం. స్పెయిన్ దేశపు ప్రియోరాట్ అనే ఎర్రని వైను పేరు కూడా దేశనామమే గాని, ఆ పేరులో ఒక మఠాధిపతి దాగి ఉన్నాడు.

కాటలోనియాలో మోన్‌సాంట్ పర్వతశ్రేణి పాదాన 1194లో కార్థూసియన్ సన్న్యాసులు ఒక మఠం స్థాపించారు. దేవదూతలు ఒక పైన్ చెట్టుకు (మన కావ్యాలలోని సరళవృక్షమే) నిచ్చెన వేసుకుని ఆకాశానికి ఎక్కిపోతుండగా ఒక పశులకాపరి చూశాడని ఐతిహ్యం. అందుచేత మఠానికి స్కాలా దేయి, అనగా 'దేవుని నిచ్చెన' అని పేరు వచ్చింది. మఠాధిపతిని 'ప్రియోర్' అంటారు. చుట్టుపట్ల ఏడు గ్రామాలు ఆయన ఏలుబడిలో ఉండేవి. ప్రియోర్ ఏలిన సీమ గనుక ప్రియోరాట్ అయింది. ద్రాక్ష సాగును అక్కడ వృద్ధి చేసినవారు ఆ మౌనవ్రతులే.

ఆ నేల సంగతి కొంత చెప్పాలి. మన పిల్లలు బలపంతో అక్షరాలు దిద్దిన మార్కాపురం పలకలు ఏ జాతి రాయో, ఆ కొండలదీ అదే జాతి. నల్లని పలకరాయి, మధ్యమధ్య అభ్రకపు తళుకు. అక్కడివారు దానిని లికొరెల్యా అంటారు. పైన మన్ను బహు స్వల్పం. తీగ వేళ్లు రాతి పొరల సందుల్లోంచి లోతుకు దిగి నీటిచెమ్మ వెతుక్కోవాలి. ముదురు తీగ ఒక్కొక్కటి కిలో పండ్లైనా ఇవ్వని సందర్భాలున్నాయి. ఆ కొద్దిపాటి పండులోనే సారమంతా చిక్కబడుతుంది. గార్నాచా ద్రాక్ష తీపిని, దానివల్ల మత్తును ఇస్తుంది. కారిన్యేనా రంగును, పులుపును ఇస్తుంది. ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది గనుకనే రెండింటినీ కలుపుతారు. మద్యసారం నూటికి 15 పాళ్లు ఉండటం అక్కడ విశేషం కాదు.

1835 ప్రాంతంలో స్పెయిన్ ప్రభుత్వం మఠాల భూములను స్వాధీనం చేసుకున్నది. సన్న్యాసులు వెళ్లిపోయారు, మఠం దోపిడీకి, దహనానికి గురి అయింది. ఆరు శతాబ్దాలకు పైగా పన్నులు కట్టిన జనుల ఆగ్రహాన్ని కేవలం మూర్ఖత్వమని కొట్టివేయలేము. ఆ శతాబ్దం చివర ఫిలాక్సెరా అనే వేరుపురుగు వచ్చి తోటలను నాశనం చేసింది. అమెరికా జాతి వేళ్లపై అంటు కట్టి కొందరు మళ్లీ నాటారు. యువకులు మాత్రం పట్టణాలకు, కర్మాగారాలకు తరలిపోయారు. మిగిలినవారి వైను పేరూ ఊరూ లేకుండా పీపాల్లో అమ్ముడై, ఇతర ప్రాంతాల పలుచని వైనులకు బలం చేకూర్చడానికి ఉపయోగపడింది.

1979లో రెనే బార్బియే గ్రాటలోప్స్ గ్రామంలో భూమి కొన్నాడు. తరువాత ఆల్వారో పలాసియోస్ మొదలైన మిత్రులు చేరారు. వారంతా కలిసి 1989 పంటతో చేసిన వైనుతో ప్రియోరాట్ పేరు ప్రపంచానికి తెలిసింది. చరిత్రలు సాధారణంగా ఇక్కడ వారికి నీరాజనం పట్టి ఊరుకుంటాయి. నాకది న్యాయంగా తోచదు. వారు తెచ్చి నాటిన కాబెర్నే, సిరా తీగలు అప్పటికి పసివి. ఏటవాలు చరియలలో గిట్టుబాటు లేకున్నా గాడిదతో, కంచరగాడిదతో దున్నుకుంటూ ముదుసలి రైతులు నిలబెట్టిన పాత గార్నాచా, కారిన్యేనా తీగలే లేకపోతే ఈ కొత్తవారు ఏమి పిండేవారు? పలాసియోస్ 1993లో మొదలుపెట్టిన లెర్మీతా అనే అమూల్యమైన వైను కూడా ముసలి గార్నాచా తీగలదే.

కాటలోనియా ప్రభుత్వం 2000లో ప్రియోరాట్‌కు అత్యున్నత శ్రేణి ఇచ్చింది. మాడ్రిడ్ దానిని ధ్రువపరచడానికి 2009 దాకా పట్టింది. ఈ నడుమ విదేశీ ద్రాక్షల మోజు తగ్గి, మిశ్రమంలో దేశవాళీ పాలు మళ్లీ పెరుగుతూ వచ్చింది. సీసాపై గ్రామం పేరు వేసే పద్ధతి కూడా ఏర్పడింది. ఒకనాడు ప్రియోర్ బిరుదు ఒక్కటే ఉన్నచోట ఇప్పుడు గ్రాటలోప్స్ అనీ, పొరేరా అనీ చదువుకోవచ్చు.