సుడి చూసి గొడ్డును కొన్న మన పెద్దలు, గడియారం పట్టుకుని చూసిన శాస్త్రవేత్తలు

ఈసారి పోస్టు కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. పశువుకు భయం, బాధ, సంతోషం ఉంటాయా, ఉంటే వాటిని కొలవొచ్చా, దానివల్ల రైతుకు వచ్చేదేంటి పోయేదేంటి అని అరవై ఏళ్లుగా శాస్త్రవేత్తలు చేస్తున్న పని గురించి రాస్తున్నా. ఎక్కడో దేశాల్లో జరిగిందానితో వినుకొండ మెరకల్లో పత్తి, మిరప వేసుకునే మనకేం పని అనుకోవద్దు. అందులో కొంత పని మన ఒంగోలు గొడ్ల సంతానం మీదే జరిగింది.

ముందు ఆ సంతానం అక్కడికెట్లా పోయిందో చెప్పాలి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. మన వినుకొండ తాలూకా అప్పట్లో కృష్ణా జిల్లా కింద ఉంది. అందుకే ఓడ ఎక్కిన మన గిత్తలకు బయట దేశాల్లో నెల్లూరు పేరే స్థిరపడింది. బ్రెజిల్ వాళ్లు ఇప్పటికీ 'నెలోరె' అంటారు. 1878లో రియో ప్రాంతపు భూస్వామి లెమ్‌గ్రూబర్ జర్మనీలోని హాంబర్గ్ జంతు ప్రదర్శనశాలలో మన జాతిని చూసి ముచ్చటపడి తీసుకుపోయాడు. ఆ తర్వాత విడతలు విడతలుగా పోయినయ్. 1960ల మొదట్లో ఆఖరు పెద్ద విడతలో పోయిన ఒక గిత్త పేరు 'కర్వాది', అంటే మన ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే. ఈరోజు బ్రెజిల్లో మాంసానికి పెంచే మందల్లో ఎక్కువ భాగం నెలోరె రక్తమే. అమెరికాలో 'బ్రాహ్మన్' అని ఒక జాతి ఉంది, దాన్ని తయారు చేసిన మన దేశపు జాతుల్లో ఒంగోలు ఒకటి.

ఇక్కడే ఒక చిత్రం జరిగింది. మన దగ్గర పదేళ్ల పిల్లాడు పలుపు పట్టుకుని ఇంత మూపురం ఉన్న గిత్తను చెరువుకు తోలుకుపోతాడు. అదే రక్తం అక్కడ 'బెదురు జాతి, పొగరు జాతి' అని పేరు తెచ్చుకుంది. కారణం పెద్ద రహస్యమేం కాదు. అక్కడ వేల ఎకరాల బీళ్లల్లో ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే మనిషి దగ్గరకొస్తాడు. వచ్చినప్పుడల్లా టీకా వెయ్యడానికో, ముద్ర కాల్చడానికో, లారీ ఎక్కించడానికో వస్తాడు. ఆ గొడ్డుకు మనిషి అంటే నొప్పి అనే లెక్క.

గొడ్డు బెదురును మాటల్లో చెప్పడం కాదు, అంకెల్లో చెప్పాలని కొందరు పట్టుబట్టారు. 1988లో ఆస్ట్రేలియాలో హెదర్ బరో అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినవాళ్లు ఒక తేలిక పద్ధతి బయటపెట్టారు. మనం టీకా వేసేటప్పుడు గొడ్డును నిలబెట్టే చట్రం ఉంటుంది కదా, దాంట్లోంచి వదిలిన వెంటనే రెండు మీటర్ల లోపు దూరాన్ని ఎంతసేపట్లో దాటింది అని గడియారంతో చూడటం. నిదానంగా నడిచి వస్తే సాధువు, దూకి ఉరికితే బెదురుది. ఇంతే. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ, ఆ అంకెను పట్టుకుని మందలో దేన్ని ఉంచాలి, దేన్ని అమ్మాలి అని తేల్చుకోవడం మొదలైంది. తర్వాత బ్రెజిల్లో నెలోరెల మీద కూడా ఇదే కొలత వాడారు.

1997లో అమెరికాలోని కొలరాడోలో టెంపుల్ గ్రాండిన్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. ఒకే కొట్టంలో, ఒకే మేత తిన్న పశువుల్ని చూస్తే, చట్రంలో కుదురుగా నిలబడినవి రోజుకు ఎక్కువ బరువు పెరిగాయి, గింజుకున్నవి తక్కువ పెరిగాయి. మనూర్లో ముసలోళ్లు 'బెదురు గొడ్డుకు ఎంత మేపినా ఒళ్లు పట్టదు' అనే మాట ఇదే.

అదే గ్రాండిన్ 1995లో చేసిన పని వింటే మీకు నవ్వొస్తుంది. ఎద్దును కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? పళ్లు, గిట్టలు, నడక, ఆ తర్వాత సుళ్లు. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి మంచిది, ఫలానా చోట ఉంటే అరిష్టం అని లెక్కలు చెప్పి ధర తగ్గించే బ్రోకర్లు మనకు తెలుసు. ఆమె నుదుటి మీది సుడి కళ్ల గీతకు పైన ఉందా కింద ఉందా అని వందలాది పశువుల్ని చూసింది. పైన ఉన్నవి చట్రంలో ఎక్కువ గింజుకున్నాయి. కడుపులో దూడ తయారయ్యేటప్పుడు చర్మం, మెదడు ఒకే పొర నుంచి పుడతాయి కాబట్టి రెంటికీ సంబంధం ఉండొచ్చని ఆమె వివరణ. తర్వాత కొందరు చేసిన పరీక్షల్లో ఆ సంబంధం అంత గట్టిగా కనపడలేదు, ఆ మాటా చెప్పాలి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. సుడికీ ఇంటి అరిష్టానికీ సంబంధం ఉందని ఏ పరీక్షా చెప్పలేదు. బ్రోకరు ఆ మాటెత్తితే ధర కోసమే అనుకోండి.

పాల సంగతికొస్తే ఇది మన జేబుకు ఇంకా దగ్గర. గేదె చేపడం అంటే దానికి దూడ మీద, మన మీద మనసు కుదరాలి. మనసు కుదిరినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వదులుతుంది, పొదుగులో పాలు కిందికి దిగుతాయి. భయపడితే అడ్రినలిన్ వస్తుంది, అది చేపును ఆపేస్తుంది. 1999లో కెనడాలో రషెన్, ద పసిల్ అనేవాళ్లు ఇది కొలిచి చూపించారు. ఆవుల్ని ఒక మనిషి కొట్టి కసురుకునేలా, ఇంకో మనిషి మెల్లగా నిమిరేలా కొన్నాళ్లు అలవాటు చేశారు. తర్వాత కొట్టిన మనిషి పాలు తీసేచోట ఊరికే నిలబడితే చాలు, పొదుగులో దిగకుండా మిగిలిపోయిన పాలు దాదాపు 70 శాతం పెరిగాయి. వాడు చెయ్యి కూడా వెయ్యలేదు, నిలబడ్డాడంతే. ఆవులు మనుషుల్ని ఎట్లా గుర్తుపడతాయి అని 2001లో ఇంకో పరీక్ష చేస్తే, ఒకే రంగు బట్టలేసుకున్నా ముఖం, ఎత్తు చూసి తేడా పట్టాయి. ఇంజక్షన్ వేసిన కాంపౌండరు నెల తర్వాత మళ్లీ గేటు దగ్గర కనపడగానే గూటం పీక్కునే గొడ్డును చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

2009లో ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 516 మంది పాడి రైతుల్ని అడిగి ఒక లెక్క తీశారు. ఆవుల్ని పేరు పెట్టి పిలిచే దొడ్లలో ఒక్కో ఆవుకు ఏడాదికి 258 లీటర్లు పాలు ఎక్కువ. పేరులో మహిమ ఏమీ లేదు. పేరు పెట్టిన రైతు దాన్ని విడిగా గమనిస్తాడు, అంతే. ఆ పనికి నవ్వు తెప్పించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. మనింట్లో ప్రతి గొడ్డుకూ పేరుంటుంది, మనకెవరూ ఏ బహుమతీ ఇవ్వలేదు.

ఇదంతా ఒక్కరోజులో రాలేదు. నాలుగు వందల ఏళ్ల కిందట డెకార్ట్ అనే ఫ్రెంచి తత్వవేత్త పశువు అంటే గడియారంలాంటి యంత్రమన్నాడు. 1872లో డార్విన్ పశువుల భావాల మీద పుస్తకమే రాశాడు గానీ, ఆ తర్వాత చాలాకాలం శాస్త్రవేత్తలు పశువు మనసు గురించి మాట్లాడటానికి సిగ్గుపడ్డారు. 1964లో ఇంగ్లండులో రూత్ హారిసన్ అనే ఆవిడ ఫారాల్లో కోళ్లు, దూడలు ఎట్లా బతుకుతున్నాయో పుస్తకం రాస్తే గొడవ లేచింది. ప్రభుత్వం బ్రాంబెల్ అనే ప్రొఫెసరుతో కమిటీ వేసింది. 1965లో ఆ కమిటీ చెప్పింది ఇది: పశువు లేచి నిలబడటానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు నాక్కోవడానికి, కాళ్లు చాపుకోవడానికి చోటుండాలి. ఇప్పుడు ప్రపంచమంతా చెప్పే 'ఐదు స్వేచ్ఛలు' అక్కడ మొదలయ్యాయి. ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పీ రోగం, భయం లేకుండా, తన సహజమైన తీరులో బతకడం.

మనం ఇంగ్లండుకన్నా వెనకేం లేము. నాట్యకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టి అడగ్గా 1960లో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. 1962లో మద్రాసులో జంతు సంక్షేమ బోర్డు పెట్టి ఆమెనే మొదటి అధ్యక్షురాలిని చేశారు. 1965లో బరువు లాగే పశువులకు విడిగా నియమాలు వచ్చాయి. బండికి కట్టిన ఎద్దుతో రోజు మొత్తం మీద 9 గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో ఆపకుండా 5 గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట పగలు 12 నుంచి 3 దాకా కట్టకూడదు. మేకులున్న కర్రతో తోలకూడదు. అంటే ముల్లుగర్ర మన దేశంలో అరవై ఏళ్లుగా నిషేధమే. ఇది తెలిసినవాళ్లు మనలో ఎంతమంది? నేనూ పల్లెల్లో చాలామందిని అడిగా, తెలుసన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు అసలు గొడవ సంగతి. మన పల్నాడు, ప్రకాశం వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలంటే ప్రాణం. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సేద్యపు విభాగం అని పెట్టి, ఇచ్చిన టైములో ఎంత దూరం లాగాయో కొలుస్తారు. 2011లో కేంద్రం ప్రదర్శనలకు వాడకూడని జంతువుల్లో ఎద్దును చేర్చింది. 2014 మే 7న నాగరాజ కేసులో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందాలను ఆపమంది. ఆ తీర్పులో ఇందాక చెప్పిన ఐదు స్వేచ్ఛలను చట్టానికి గుండెకాయలాంటివిగా చూసింది. 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు మార్చుకున్నాయి. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మార్పులు చెల్లుతాయంది.

పట్నం నుంచి వచ్చి 'అసలు కాడి కట్టడమే హింస' అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ట్రాక్టరు వచ్చాక సాళ్లలో గుంటక తోలే జత ఊరికి ఎన్ని మిగిలాయో మీకే తెలుసు. పోటీల మీద మోజు లేకపోతే లక్షలు పెట్టి ఒంగోలు జతను మేపేవాడు ఉండడు, ఆ మాట నిజం. కానీ 'ముల్లు గుచ్చకుండా ఎద్దు లాగదు, ఇది మన సంప్రదాయం' అనేవాళ్లతోనూ ఒప్పుకోను. మిరప సాళ్లల్లో మూతికి చిక్కం కట్టి, మొక్క తొక్కకుండా గుంటక తోలింది ముల్లుతో కాదు. దాపట ఎద్దు, వెలపట ఎద్దు మాట వినేవి. 'ఆ' అంటే ఆగేవి. ముల్లు గుచ్చి, తోక మెలిపెట్టి, తోక కొరికి లాగిస్తే అది ఎద్దు బలం చూపడం కాదు, భయం చూపడం. పందెం పెట్టేవాళ్లు ఎద్దు బలం మీదే కదా డబ్బు పెట్టేది. ఉత్త చేతులతో, అదిలింపుతో మాత్రమే లాగించాలి, పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ముగించాలి అని కమిటీలు గట్టిగా పెడితే, ఏ జతను ప్రేమగా పెంచారో అప్పుడు తేలుతుంది. రేపు కోర్టులో మన తరఫున చెప్పుకోవడానికి కూడా ఒక మాట ఉంటుంది.

బ్రెజిల్ వాళ్లు ఈ దారిలో మనకన్నా ముందుకు పోయారు. సావో పావులో రాష్ట్రంలోని జబోతికబాల్ ఊళ్లో మతెయుస్ పరన్యోస్ ద కోస్తా అనే ప్రొఫెసరు, ఆయన శిష్యులు చాలా ఏళ్లుగా నెలోరెల తీరు గమనించి, కేకలు, పొడుపులు లేకుండా మందను తోలడం కూలీలకు నేర్పుతున్నారు. దూడ పుట్టిన తొలి రోజుల్లోనే చేత్తో నిమరమంటారు. మన కరవది రక్తానికి మన ఆడవాళ్లు దొడ్లో చేసే పనినే అక్కడ పాఠంగా చెప్తున్నారు.

మీ దొడ్లో మీరే చూసుకోవాలంటే యూరప్ వాళ్లు వాడే పద్ధతి ఒకటుంది, ఖర్చు లేదు. గొడ్డు గాటి దగ్గర మేత తినేటప్పుడు రెండు మీటర్ల దూరంలో దాని ఎదురుగా నిలబడండి. చెయ్యి కాస్త ముందుకు చాపి, సెకనుకు ఒక అడుగు చొప్పున మెల్లగా నడవండి. తల వెనక్కి లాక్కున్నప్పుడు మీ చేతికీ దాని మూతికీ ఎంత దూరం ఉందో చూడండి. మూతి తాకనిస్తే మొదటి తరగతి. అరమీటరు లోపల తల లాక్కుంటే రెండోది, మీటరు లోపల అయితే మూడోది, అంతకన్నా దూరంలోనే జరిగితే నాలుగోది. గేదెల మీద, జెర్సీల మీద, కాడెద్దుల మీద, అన్నిటి మీదా చూడొచ్చు. ఇంట్లో ఒక్కొక్కరూ విడివిడిగా నడిచి చూడండి, ఒకే గొడ్డు ఒక్కొక్కరికి ఒక్కో దూరం చూపిస్తుంది.